జర్మనీలో ఫిజిక్స్ ల్యాబ్ టెక్నీషియన్ అవ్వాలంటే: దరఖాస్తు నుంచి చివరి పరీక్ష దాకా

ఫిజిక్స్ ల్యాబ్ అంటే లేజర్లు, ఆసిల్లోస్కోపులు అనుకుని వెళ్ళాను. మొదటి వారం నా చేతిలో పెట్టింది ఆకురాయి. వైస్‌లో ఒక ఇనుప ముక్క బిగించి, దాన్ని చదునుగా రుద్దమన్నారు. రుద్దాక దాని మీద మూలమట్టం ఆనించి కిటికీ వైపు ఎత్తి చూడాలి. రెండిటి మధ్య నుంచి సన్నటి వెలుతురు గీత కనిపించిందంటే మళ్ళీ రుద్దాలి. నాలుగు రోజులు అదే పని. మా ట్రైనర్ వచ్చేవాడు, ముక్కను ఎత్తి ఆ వెలుతురు చూపించేవాడు, మాట్లాడకుండా వెళ్ళిపోయేవాడు. బీఎస్సీ ఫిజిక్స్ పాసై వచ్చినవాణ్ణి, ఇదేం ఖర్మ అనుకున్నాను.

ఇది ముందే చెప్పడానికి కారణం ఉంది. జర్మనీలో ఔస్‌బిల్డుంగ్ అంటే పని చేస్తూ, జీతం తీసుకుంటూ వృత్తి నేర్చుకోవడం. దీని గురించి మన దగ్గర జరిగే ప్రచారమంతా వీసా, జీతం చుట్టూనే తిరుగుతుంది. ఫిజిక్స్ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుకి అసలు ప్రశ్న వేరు: చేతులతో పని చేయడం మీకు ఇష్టమేనా? పుస్తకంలో ఫిజిక్స్ ఇష్టం కావడం వేరు, ఒక స్క్రూ ఎంత బిగించాలో వేలికి తెలియడం వేరు. ఆ రెండోది నేర్పడానికే మూడున్నరేళ్ళు.

అసలు ఈ పని ఏమిటి

జర్మన్‌లో ఈ వృత్తిని ఫిజీక్‌లబోరాంట్ అంటారు, మహిళలైతే ఫిజీక్‌లబోరాంటిన్. ఏం కొలవాలో శాస్త్రవేత్త చెప్తాడు. ఆ కొలతకు కావలసిన ఏర్పాటు కట్టడం, నడపడం, వచ్చిన అంకెలు రాసుకుని లెక్క తేల్చడం, "ఈ అంకెను ఇంతవరకే నమ్మొచ్చు" అని చెప్పడం లబోరాంట్ పని. ఒక రోజు సోల్డరింగ్, ఒక రోజు వాక్యూమ్ పంపు, ఇంకో రోజు అద్దాలూ కటకాలూ సర్దడం, ఇంకో రోజంతా కంప్యూటర్ ముందు గ్రాఫులు.

పెద్ద పరిశోధనా సంస్థలు, కొన్ని విశ్వవిద్యాలయాలు, గాజు, ఆప్టిక్స్, మెటీరియల్స్ కంపెనీలు ఈ శిక్షణ ఇస్తాయి. బ్రౌన్‌ష్వైగ్‌లోని జాతీయ కొలతల సంస్థ పీటీబీ వీటిలో పేరున్నది. జర్మనీ అధికారిక సమయాన్ని సీసియం అణు గడియారాలతో నడిపేది ఈ సంస్థే. దాని మూలం 1887లో బెర్లిన్‌లో పెట్టిన సంస్థ. యూలిష్ పరిశోధనా కేంద్రం, డ్రెస్డెన్‌లోని హెల్మ్‌హోల్ట్స్ కేంద్రం, బెర్లిన్‌లో పదార్థాల పరీక్షా సంస్థ బామ్ కూడా చూడదగ్గవి. నర్సింగ్, హోటల్ కోర్సులకు ఉన్నన్ని సీట్లు మాత్రం దీనికి ఉండవు. దేశం మొత్తం మీద చాలా తక్కువ. అందుకే ఇదొక్కటే పట్టుకుని కూర్చోకుండా కెమీలబోరాంట్ (కెమిస్ట్రీ ల్యాబ్), వెర్క్‌స్టోఫ్‌ప్రూఫర్ (పదార్థాల పరీక్ష) కోర్సులకూ అప్లై చేయడం తెలివైన పని.

మీకు సరిపోతుందా

చట్టం ప్రకారం కనీస చదువు అంటూ ఏమీ లేదు. ఆచరణలో సంస్థలు తమ పదో తరగతి స్థాయి సర్టిఫికెట్, లెక్కలూ ఫిజిక్స్‌లో మంచి మార్కులు అడుగుతాయి. ఇంటర్ ఎంపీసీ బాగా చదివినవాళ్ళకు సబ్జెక్టుతో ఇబ్బంది ఉండదు. బీఎస్సీ, బీటెక్ చేసినవాళ్ళూ చేరొచ్చు. కాకపోతే ఇంటర్వ్యూలో "డిగ్రీ ఉండి మళ్ళీ ఇదెందుకు?" అని తప్పకుండా అడుగుతారు. "జర్మనీ రావాలని" అనేది జవాబు కాదు. పద్దెనిమిదేళ్ళ పిల్లల పక్కన కూర్చుని, వాళ్ళతో పాటే నేల ఊడ్చే పని మీ వంతుకు వచ్చినప్పుడు మనసు కష్టపడకుండా ఉండగలరా అని ముందు మిమ్మల్ని మీరు అడగండి.

ఇంకో మాట. బీఎస్సీ పూర్తయి ఏడాది రెండేళ్ళే అయితే ఇంటి దగ్గర దారులు చూశాకే ఇటు రండి. మన అప్రెంటిస్‌షిప్ చట్టం 1961 నాటిది. దాని కింద డిగ్రీ, డిప్లొమా వాళ్ళకు నాట్స్ పథకం ఉంది. హైదరాబాద్‌లో డీఆర్‌డీఓ ల్యాబులు, ఎన్‌ఎఫ్‌సీ, ఈసీఐఎల్ అప్రెంటిస్‌లను తీసుకుంటాయి. బార్క్ (భాభా అణు పరిశోధనా కేంద్రం) స్టైపెండరీ ట్రైనీ నోటిఫికేషన్‌లో కేటగిరీ 1 డిప్లొమా, బీఎస్సీ వాళ్ళకు, కేటగిరీ 2 ఐటీఐ, ఇంటర్ వాళ్ళకు. దాని వయసు పరిమితి చాలా బిగుతు, జర్మనీ దారికి అంత పట్టింపు లేదు. కాబట్టి ముందు ఏది చేజారిపోతుందో దానికే ముందు అప్లై చేయండి.

మొదటి అడుగు: భాష

వీసా కాగితాలకు సాధారణంగా జర్మన్ భాషలో బీ1 అనే మధ్య స్థాయి చాలు. క్లాసులో కూర్చోవడానికి చాలదు. దాని పై మెట్టు బీ2 లేకుండా వచ్చి, మొదటి సెమిస్టర్‌లో మాస్టారు వేసిన జోకుకు అందరూ నవ్వాక ఐదు సెకన్ల తర్వాత నవ్వే రకం నేను. అంతకన్నా ప్రమాదం ఏమిటంటే, భద్రతా సూచనలు సగం అర్థమైనా తలాడించేస్తాం. ల్యాబులో ఆ అలవాటు చేటు చేస్తుంది.

హైదరాబాద్‌లో గోథే సెంట్రుమ్ ఉంది. రోజూ క్లాసుకు వెళ్తూ ఇంట్లో మరో రెండు గంటలు కూర్చుంటే బీ1కి దగ్గర దగ్గర ఏడాది పట్టొచ్చు. పరీక్ష కోసం చదివే జర్మన్‌లో ల్యాబు మాటలు రావు కాబట్టి పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. మొదటి పేజీలో రాయాల్సిన మాట మెస్‌ఉన్‌జిషర్‌హైట్, అంటే కొలతలో అనిశ్చితి. మూడున్నరేళ్ళూ ఈ మాట మీ వెంట పడుతుంది.

మీరు, నువ్వు తేడా మనకు కొత్త కాదు కాబట్టి జీ, డూ ఎక్కడ వాడాలో తెలుగువాళ్ళకు తొందరగానే పట్టుబడుతుంది. అయితే మనం వయసును బట్టి పిలుస్తాం, అక్కడ ఒప్పందాన్ని బట్టి. మా టీమ్‌లో అరవై ఏళ్ళాయన రెండో రోజే డూ అనమన్నాడు. నోరు తిరగడానికి నాకు నెల పట్టింది.

రెండో అడుగు: సీటు వెతకడం

శిక్షణ ఆగస్టు 1న లేదా సెప్టెంబర్ 1న మొదలవుతుంది. పెద్ద సంస్థలు దాదాపు ఏడాది ముందు నుంచే దరఖాస్తులు తీసుకుంటాయి. మనవాళ్ళు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మేలో బీ1 పాసై, జూన్‌లో వెతకడం మొదలుపెట్టి, "సీట్లు లేవట" అంటారు. సీట్లు ఉన్నాయి, అంతకు ముందు చలికాలంలోనే అయిపోయాయి. వచ్చే ఏడాది సెప్టెంబర్‌లో చేరాలంటే ఈ ఏడాది సెప్టెంబర్‌కే కాగితాలు సిద్ధంగా ఉండాలి. బీ1 సర్టిఫికెట్ అప్పటికి చేతిలో లేకపోతే పరీక్ష తేదీ రాసి పంపండి.

ప్రభుత్వ ఉపాధి సంస్థ వెబ్‌సైట్, పరిశ్రమల వాణిజ్య మండలి (అక్కడ ఈహాకా అంటారు) నడిపే సీట్ల జాబితా, ఆయా సంస్థల సొంత పేజీలు చూస్తే చాలు. చివరివి ముఖ్యం. కొన్ని ల్యాబులు వేరే చోట ప్రకటనే ఇవ్వవు.

కవరింగ్ లెటర్ ఒక్క పేజీ దాటకూడదు. "చిన్నప్పటి నుంచి ఫిజిక్స్ అంటే ప్రాణం" అనే వాక్యం అందరూ రాస్తారు. దాని బదులు మీరు చేత్తో చేసినది రాయండి. ఇంట్లో మిక్సీ మోటారు విప్పి బిగించారా, కాలేజీలో పాడైన స్పెక్ట్రోమీటర్ సరిచేశారా, నాన్నగారి వెల్డింగ్ షాపులో సాయపడ్డారా? ట్రైనర్ల కన్ను అక్కడే ఆగుతుంది. బయోడేటా పట్టిక రూపంలో, మధ్యలో ఖాళీ సంవత్సరాలు లేకుండా ఉండాలి. మార్కుల జాబితాలకు అధికారిక అనువాదకుడి జర్మన్ అనువాదం జతచేయాలి.

ఎంపిక పరీక్ష పెట్టే చోట యూనిట్ల మార్పులు, శాతాలు, సూత్రంలోంచి ఒక రాశిని బయటికి తీయడం, పటం చూసి వస్తువును ఊహించడం లాంటివి ఉంటాయి. బొమ్మ చూపించి అలాగే తీగ వంచమనే వాళ్ళూ ఉన్నారు. ఇంటి దగ్గర నోస్ ప్లయర్, రాగి తీగ కొనుక్కుని ప్రాక్టీస్ చేయండి, వంద రూపాయల ఖర్చు.

మూడో అడుగు: కాంట్రాక్టు, డబ్బు, ఏజెంట్లు

శిక్షణ కాంట్రాక్టు రాతపూర్వకంగా ఉండాలి, మండలిలో నమోదు కావాలి. చట్టం నిర్ణయించిన కనీస స్టైపెండ్ 2026లో చేరేవాళ్ళకు మొదటి ఏడాది నెలకు 724 యూరోలు, రెండో ఏడాది 854, మూడో ఏడాది 977, నాలుగో ఏడాది 1,014. ప్రభుత్వ వేతన ఒప్పందం వర్తించే పరిశోధనా సంస్థల్లో మొదటి ఏడాదే వెయ్యి దాటుతుంది. ఇందులో దాదాపు ఐదో వంతు బీమా, పెన్షన్ కోతలకు పోతుంది. మ్యూనిక్‌లో ఆ డబ్బుతో గది దొరకడమే కష్టం, యూలిష్ లాంటి చిన్న ఊళ్ళో గుట్టుగా బతకొచ్చు. ఊరి అద్దె చూసుకుని సంతకం పెట్టండి.

ఇక ఏజెంట్ల సంగతి. నేను వెళ్ళిన ఒక కన్సల్టెన్సీలో "సీటు గ్యారంటీ, శిక్షణ ఫీజు మూడు లక్షలు" అన్నారు. జర్మన్ వృత్తి శిక్షణ చట్టం ప్రకారం, శిక్షణ పొందడానికి అభ్యర్థి డబ్బు కట్టాలనే ఒప్పందమే చెల్లదు. అంటే సంస్థ మీకు జీతం ఇస్తుంది కానీ మీ దగ్గర ఫీజు తీసుకోదు. భాషా క్లాసుకు, అనువాదానికి, వీసాకు ఖర్చవుతుంది, అది నిజమే. "సీటుకు" అంటూ ఎవరు డబ్బు అడిగినా లేచి బయటికి వచ్చేయండి.

నాలుగో అడుగు: వీసా

కాంట్రాక్టు ఉంటే శిక్షణ వీసాకు అప్లై చేస్తారు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దరఖాస్తులు చెన్నైలోని జర్మన్ కాన్సులేట్ పరిధిలోకి వస్తాయి. జర్మన్ ఉపాధి సంస్థ కూడా ఒప్పుకోవాలి కాబట్టి వారాలు గడిచిపోతాయి, టెన్షన్ పడకండి. స్టైపెండ్ వాళ్ళు పెట్టిన కనీస మొత్తం కన్నా తక్కువైతే తేడాను బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు ఇంత అని మాత్రమే తీసుకోగలిగే ఖాతా) చూపించాలి. శిక్షణ కాలంలో వారానికి 20 గంటల వరకు వేరే పని చేసుకోవచ్చు. చేయొచ్చు గానీ, మొదటి ఏడాది చేయకపోవడమే మంచిది.

కాంట్రాక్టు లేకుండా అక్కడికి వెళ్ళి వెతుక్కునే వీసా కూడా ఉంది. 35 ఏళ్ళ లోపు వయసు, బీ1, ఖర్చులకు సొంత డబ్బు, జర్మనీలో గానీ, చదువుకున్న దేశంలో గానీ యూనివర్సిటీ ప్రవేశానికి పనికొచ్చే చదువు ఉంటే గరిష్ఠంగా 9 నెలలు ఇస్తారు. ఫిజిక్స్ ల్యాబ్ సీట్లు ఇంత తక్కువ కాబట్టి ఈ ఒక్క కోర్సు కోసం అంత డబ్బు పెట్టి వెళ్ళమని నేనైతే చెప్పను.

ఇక మూడున్నరేళ్ళు

మొదటి నాలుగు నెలల వరకు ప్రొబేషన్ ఉండొచ్చు. ఆ కాలంలో ఇద్దరిలో ఎవరైనా నోటీసు లేకుండా విడిపోవచ్చు. సరిగ్గా ఆ నెలల్లోనే మీకు ఆకురాయి, డ్రిల్లు, లేత్, మిల్లింగ్ మెషీన్ నేర్పుతారు. విసుక్కోవద్దు. తర్వాత ప్రయోగానికి ఒక హోల్డర్ కావాలంటే వర్క్‌షాప్‌కి చీటీ రాసి మూడు వారాలు ఆగే బదులు మధ్యాహ్నానికల్లా మీరే చేసుకుంటారు.

తర్వాత విద్యుత్ కొలతలు. ఇక్కడ ఒక చిన్న పాఠం చెప్తాను, ఈ వృత్తి తీరు మొత్తం దీంట్లో కనిపిస్తుంది. మీటరు పొడవు, అర మిల్లీమీటరు వ్యాసం ఉన్న రాగి తీగ ఇచ్చి రెసిస్టెన్స్ కొలవమన్నారు. మల్టీమీటర్ రెండు ప్రోబులు ఆనించాను. 0.3 ఓమ్ చూపించింది. రాసేశాను. ట్రైనర్ లెక్క వేసి చూడమన్నాడు. వేస్తే సుమారు 0.088 ఓమ్ రావాలి. మిగతాదంతా ప్రోబు తీగలదీ, ఆనించిన చోటుదీ. నేను కొలిచింది రాగి తీగను కాదు, ఎక్కువ భాగం నా మల్టీమీటర్ తీగలనే! దీనికి విరుగుడు నాలుగు తీగల పద్ధతి. రెండు తీగల ద్వారా కరెంటు పంపి, లోపలి వైపు మరో రెండిటితో వోల్టేజి చూస్తాం. వోల్టేజి తీగల్లో కరెంటు దాదాపు పారదు కాబట్టి వాటి రెసిస్టెన్స్ లెక్కలోకి రాదు.

అక్కడితో అయిపోలేదు. ఈసారి ఆ కొలత నుంచి రాగి రెసిస్టివిటీ తేల్చమన్నాడు. తీగ వ్యాసం వెర్నియర్‌తో 0.50 అని రాశాను, తప్పు 0.01 వరకు ఉండొచ్చు అనుకుంటే అది 2 శాతం. వైశాల్యంలో వ్యాసం వర్గం వస్తుంది కాబట్టి అక్కడ 4 శాతం అవుతుంది. అంటే ఖరీదైన వోల్ట్‌మీటర్ ఎన్ని దశాంశాలు చూపించినా నా ఫలితం 4 శాతం మించి మెరుగుపడదు. మైక్రోమీటర్ తెచ్చి, తీగను పది చోట్ల కొలిచి సగటు తీశాకే మా ట్రైనర్ ముఖంలో కళ వచ్చింది. బీఎస్సీ ప్రాక్టికల్స్‌లో మనం చేసిందేమిటి? రికార్డులో "జవాబు" రావాలని సీనియర్ రీడింగులు కాపీ కొట్టడం. ఆ అలవాటు విమానం ఎక్కేముందే వదిలేయండి. తప్పు రీడింగ్ రాసినవాణ్ణి అక్కడ క్షమిస్తారు, రీడింగ్ "సర్దిన"వాణ్ణి మళ్ళీ నమ్మరు.

చిన్న చిక్కు ఒకటి. జర్మన్లు దశాంశానికి చుక్క బదులు కామా పెడతారు, వేలకు చుక్క పెడతారు. 1.500 అంటే వాళ్ళకు పదిహేను వందలు. సాఫ్ట్‌వేర్ భాష మార్చకుండా డేటా ఫైలు తెరిచి ఒక రోజు పని పాడుచేసుకోని విదేశీ ట్రైనీ ఉండడు.

రెండో ఏడాది నాకు ఎక్కువ నచ్చింది వాక్యూమ్. స్టీలు గొట్టాల అంచులకు కత్తి లాంటి పదునైన గట్టు ఉంటుంది, రెండిటి మధ్య రాగి రింగు పెట్టి బోల్టులు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. ఆ గట్టు రాగిలో దిగి సీలు పడుతుంది. ఉత్త చేత్తో లోపలి భాగం ముట్టుకోకూడదు. వేలిముద్రలోని జిడ్డు వారాల తరబడి ఆవిరవుతూ ప్రెషర్ దిగనివ్వదు. ఒకసారి కొత్త రింగు దొరక్క, తీసిన పాతదే తుడిచి పెట్టాను. శుక్రవారం పంపు వేసి ఇంటికి వెళ్ళాను. మిల్లీబారులో వంద కోట్ల వంతుకు దిగాల్సింది సోమవారం పొద్దునకు ఎక్కడో పైనే ఆగిపోయింది. లోపలికి దూరిన హీలియంను పసిగట్టే లీక్ డిటెక్టర్ తగిలించి, సన్న గొట్టంతో హీలియం ఒక్కో అతుకు మీద ఊదుకుంటూ వచ్చాం. హీలియం గాలి కన్నా తేలిక, పైకి పోతుంది కాబట్టి వెతుకులాట పై అతుకు నుంచి మొదలుపెట్టాలి. లేకపోతే కింద ఊదింది పైన లీకులోంచి దూరి తప్పుదారి పట్టిస్తుంది. మూడో అతుకు దగ్గర డిటెక్టర్ గట్టిగా కూసింది. నా పాత రింగే. ఆ రింగు ఒక్కసారికే పనికొస్తుందని అప్పటికి రెండు సార్లు చెప్పారు.

భద్రత మాత్రం మనవాళ్ళ "ఏం కాదులే" ధోరణితో నడవదు. ద్రవ నైట్రోజన్ మైనస్ 196 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చల్లదనం కన్నా భయపడాల్సింది, ఒక లీటరు ఆవిరై దాదాపు 700 లీటర్ల వాయువు అవుతుందన్నది. మూసిన గదిలో ఆక్సిజన్‌ను తోసేస్తుంది. అందుకే దాని డబ్బాను లిఫ్ట్‌లో ఒంటరిగా పంపుతారు, మనిషి మెట్లెక్కి పై అంతస్తులో అందుకుంటాడు. లేజర్ గదిలోకి వెళ్ళేముందు ఉంగరం, గడియారం తీసేయాలి. కిరణం వాటి మీద పడి కంట్లోకి తిరగొచ్చు.

స్కూలు, డైరీ, పరీక్షలు

సంస్థలో పనితో పాటు బెరూఫ్స్‌షూలే, అంటే వృత్తి పాఠశాల ఉంటుంది. మామూలు వృత్తులకు వారంలో ఒకటి రెండు రోజులు. ఈ కోర్సుకు విద్యార్థులు తక్కువ కాబట్టి చాలా చోట్ల దూరపు ఊళ్ళో కొన్ని వారాల చొప్పున ఒకేసారి పెడతారు. వసతి, ప్రయాణ ఖర్చులు ఎవరు భరిస్తారో కాంట్రాక్టు సమయంలోనే అడగండి.

బెరిష్ట్స్‌హెఫ్ట్ అని ఒక పని డైరీ రాయాలి. ఏ వారం ఏం చేశారో రాసి ట్రైనర్ సంతకం తీసుకోవాలి. ఇది పూర్తిగా లేకపోతే చివరి పరీక్షకు కూర్చోనివ్వరు. శుక్రవారం మధ్యాహ్నం ఇరవై నిమిషాలు దీనికే కేటాయించండి. ఆరు నెలలవి ఒకేసారి రాద్దాంలే అనుకుంటే, మార్చిలో ఏం చేశామో సెప్టెంబర్‌లో ఎవరికి గుర్తుంటుంది?

రెండో ఏడాది ముగిసేలోపు మధ్యంతర పరీక్ష, చివర్లో మండలి పెట్టే తుది పరీక్ష. ప్రాక్టికల్‌లో ఏర్పాటు కట్టి, కొలిచి, అనిశ్చితితో సహా నివేదిక ఇవ్వాలి. రాతపరీక్షలో ఆర్థిక, సామాజిక అంశాల పేపరు కూడా ఉంటుంది. కార్మిక హక్కులు, బీమా, ఒప్పందాలు అడుగుతారు. ఫిజిక్స్‌లో తొంభై తెచ్చుకుని దీంట్లో తడబడేది ఎక్కువగా మనలాంటి బయటివాళ్ళే. తప్పితే ఇంకో రెండు సార్లు రాయొచ్చు. మార్కులు బాగుంటే ముందుగానే పరీక్షకు అనుమతి అడిగి ఆరు నెలలు తగ్గించుకోవచ్చు.

పాసయ్యాక

ఫలితం ప్రకటించిన రోజే శిక్షణ ఒప్పందం ముగుస్తుంది, కాంట్రాక్టులో తేదీ ఇంకా నెల ఉన్నా సరే. స్టైపెండ్ కూడా ఆ రోజుతో ఆఖరు. అందుకే ఉద్యోగంలో ఉంచుకుంటారా లేదా అని కనీసం మూడు నెలల ముందే అడగాలి, విదేశీయుల కార్యాలయంలో అపాయింట్‌మెంట్ అప్పుడే పట్టుకోవాలి. ఉద్యోగం దొరికితే నిపుణ కార్మికుల నివాస అనుమతి వస్తుంది. దొరకకపోతే వెతుక్కోవడానికి 18 నెలల దాకా ఉండొచ్చు. జర్మనీలోనే శిక్షణ పూర్తిచేసినవాళ్ళు ఆ ఉద్యోగంలో రెండేళ్ళు పనిచేశాక, మిగతా షరతులు సరిపోతే, శాశ్వత నివాసానికి అప్లై చేయొచ్చు.

ఇంకో చిన్న నిబంధన చాలామందికి తెలియదు. పాసైన మరుసటి రోజు ఎవరూ ఏ ఒప్పందమూ మాట్లాడకుండా మిమ్మల్ని యథాప్రకారం పనిలో పెట్టుకున్నారంటే, చట్టం దృష్టిలో మీది గడువు లేని ఉద్యోగం అయిపోయినట్టే. మా మేనేజరుకు ఇది బాగా తెలుసు. ఫలితం వచ్చిన సాయంత్రమే రెండేళ్ళ కాంట్రాక్టు కాగితం నా టేబుల్ మీద ఉంది.